నిన్నటి రేటు

వార్తా ఛానెళ్ళలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా ఫంక్షన్‌లో కనిపిస్తే నన్ను ఓ పక్కకి లాగి ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "బిజినెస్ ఛానెల్లో మామూలు వార్తలు ఎంత ఉండాలండీ? పావు వంతా, మూడో వంతా?" లెక్కల మనిషిని కాబట్టి ఏదో ఒక శాతం చెప్తానని వాళ్ళ ఆశ. నా దగ్గర శాతం లేదు. ఒక రోజు సంగతి ఉంది. అదే చెప్తాను, మీ లెక్క మీరు కట్టుకోండి.

నేను జర్నలిజం చదవలేదు, కామర్సూ చదవలేదు. ఇంటర్ తప్పి గుడివాడలో ఒక ధాన్యం కమిషన్ కొట్టులో గుమాస్తాగా చేరాను. తరుగు, తేమ కోత, వడ్డీ, ఇవన్నీ కాగితం ముట్టకుండా కట్టడం అక్కడే నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత అదే ఊళ్ళో ఒక మిల్లు యజమాని డెల్టా రైతులకీ వ్యాపారులకీ అని ఒక బిజినెస్ ఛానెల్ పెట్టారు. ఆయన్ని మేమంతా ఎండీగారు అనేవాళ్ళం. లెక్కలు తెలిసినవాడు కావాలని నన్ను కొట్టు నుంచి తీసుకెళ్ళి రేట్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

మా తెర అడుగున ఒక పట్టీ నడిచేది. ధాన్యం బస్తా, బంగారం, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్ళకి కావలసిన రాగి, వీటన్నిటికంటే ముందు రొయ్యల కౌంటు రేట్లు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పొద్దున్నే బంటుమిల్లి, బందరు, నాగాయలంక వైపు కొనుగోలు కేంద్రాలకి ఫోన్లు చేసి ఆ రోజు రేటు తేల్చడం నా పని. కొనేవాడు తగ్గించి చెప్తాడు, అమ్మేవాడు పెంచి చెప్తాడు. ఎవరు ఎంత అబద్ధం చెప్తారో తెలిస్తే నిజం దొరకడం పెద్ద కష్టం కాదు. అది తెలియడానికే నాకు ఏళ్ళు పట్టింది.

కొన్నాళ్ళకి చెరువు గట్ల మీద బేరం మా తెరతోనే జరగడం మొదలైంది. రైతు ఫోనులో మా ఛానెల్ పెట్టి, ఫోనుని రొయ్యల ట్రేకి ఆనించి నిలబెడతాడు. కొనడానికి వచ్చినవాడు ఒక కన్ను తూకం మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి మాట్లాడతాడు. "టీవీ రేటు" అని ఒక మాటే పుట్టింది. ఎండీగారు దాన్ని ప్రకటనగా చేద్దామంటే, "మనిషి మాట కాదు, తెర మీద అంకె చూడండి" అన్న వాక్యం నేనే రాసిచ్చాను. పొద్దస్తమానం వేసేవారు.

ఆ తెర మీదకి ఎక్కే దాకా రేటు ఎవరికీ చెప్పకూడదని నాకు నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఒకడికి ముందు చెప్తే పక్కవాడికి నష్టం కదా. ఈ కట్టుబాటుని రోజూ పరీక్షకి పెట్టే మనిషి ఒకాయన ఉండేవాడు. దివిసీమలో, నాగాయలంక దాటాక, కరకట్టకి నది వైపు చెరువు లీజుకి తీసుకుని రొయ్యలు పెంచేవాడు. ఎప్పుడో ఏదో సందేహం అడగడానికి ఫోన్ చేసి, అప్పటినుంచి వరస కలిపేశాడు.

"బావగారూ, ఇవాళ ముప్ఫై కౌంటు ఎంత వేస్తన్నారు?"

"తెర మీదకి వచ్చాక చూసుకో బావా. అందరితో పాటే."

"ఇంటల్లుడికి కూడా ఇంతేనా?"

"ఇంటల్లుడికైతే అసలు ఫోనే ఎత్తను."

ఆయన నవ్వేవాడు. అడిగితే చెప్పనని తెలుసు. అయినా అడక్కపోతే ఆయనకి తెల్లవారదు, చెప్పనని అనకపోతే నాకు తెల్లవారదు. మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. చెరువులో సగం పెట్టుబడి వాళ్ళావిడ తమ్ముడిదని, ఆ బావమరిది మొహమాటానికి డబ్బు పెట్టాడు తప్ప రొయ్యల సంగతి బొత్తిగా తెలియదని, అంతా తన మీద నమ్మకంతోనే వదిలేశాడని చెప్పేవాడు. "మా బావమరిది ముందు తలెత్తుకు తిరగాలి బావగారూ, నాకు అదే లాభం" అనేవాడు.

ఇక ఛానెల్ సంగతి. రేట్ల ఛానెల్‌కి రేట్లు కావలసినవాళ్ళే చూస్తారు. రేటు చూసుకుని పక్క ఛానెల్‌కి పోతారు. ఎండీగారికి అది నచ్చేది కాదు. రాజకీయం, ప్రమాదాలు, ఉత్సవాలు, అన్నీ ఉండాలన్నారు. మేం మార్కెట్‌ని వదలకుండా మామూలు వార్త చెప్పడానికి నానా తంటాలు పడేవాళ్ళం. కూచిపూడిలో నృత్యోత్సవం జరిగితే గజ్జెల ధర చెప్పాం. ఎమ్మెల్యే గారి అమ్మాయి పెళ్ళయితే పూల రేటు చెప్పాం. మా ప్రొడ్యూసర్ బందరు అమ్మాయి. వాళ్ళ నాన్నగారిది కోనేరు సెంటర్‌లో అత్తరు కొట్టు. మంచి చురుకైన పిల్ల, నోరు ఇంకా చురుకు. "బాబాయ్, రేపు ఎవరైనా పోతే కట్టెల రేటు మీరే ఇవ్వాలి" అనేది.

నవ్వుకున్నాం గానీ, ఆ వెక్కిరింతలో మా కష్టం ఉంది. మాకున్నది గుప్పెడు మంది. ఉన్న మనుషుల్ని వార్తకి పంపితే రేటు పోతుంది, రేటు దగ్గర కూర్చోబెడితే వార్త పోతుంది.

ఆ ఏడు కృష్ణకి పెద్ద వరద వచ్చింది. పై నుంచి నీళ్ళు వదిలారని, దివిసీమ లంకల్లోకి వచ్చేస్తాయని కబురు. పొద్దున్నే ఎండీగారు అందరినీ పిలిచారు.

"ఇవాళ వరద తప్ప ఇంకోటి లేదు. అందరూ బయటికే" అన్నారు. నా వైపు తిరిగి, "దివిసీమలో మీకు తెలిసినంతమంది ఎవరికీ తెలియదండి. కెమెరా తీసుకుని మీరు వెళ్ళండి."

"నేనా? మరి రేట్లెవరు చూస్తారండీ?"

"ఒక్కరోజు రేట్లు లేకపోతే కొంపలేం మునగవు. నీళ్ళొస్తుంటే రొయ్య రేటు ఎవడు చూస్తాడండీ?"

"ఇవాళే చూస్తారండి. నీళ్ళొస్తున్నాయని అందరూ ఒకేసారి పట్టేస్తారు. రేటు పడిపోతుంది."

"సరే, ఫోనులో చెప్పండి, ఇక్కడ కొడతారు."

"వీలుకాకపోతే పట్టీ తీసేయించండి" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశారు. "పట్టీ తీసేస్తే మనది బిజినెస్ ఛానెల్ ఎలా అవుతుందండీ?"

మీరు అడిగే శాతం సంగతి ఇక్కడుంది. పైనంతా వరద, అడుగున పట్టీ. చూడ్డానికి రెండూ ఉన్నాయి. పట్టీ దగ్గర మనిషి లేడు.

దారిలో అలవాటు కొద్దీ బంటుమిల్లికి, నాగాయలంకకి ఫోన్లు చేశాను. అనుకున్నట్టే రేటు బాగా పడింది. ఎవరి అబద్ధం ఎంతో తీసేసి చూసినా పడింది. వెంటనే ప్రొడ్యూసర్ అమ్మాయికి ఫోన్ చేసి ఒక్కో కౌంటుకీ ఎంతో చెప్పాను. రాసుకుంది.

"పట్టీ కొట్టే అబ్బాయిని వరద టైటిళ్ళ మీద కూర్చోబెట్టారు బాబాయ్. లేవనివ్వట్లేదు. ఇచ్చాను, పెడతానన్నాడు."

"పెట్టలేకపోతే ఖాళీగా వదిలెయ్యమనమ్మా. నిన్నటివి తిప్పొద్దు."

"చెప్తాను బాబాయ్. ఇక్కడ నా చెవుల్లో నలుగురు అరుస్తున్నారు."

కరకట్ట మీదకి చేరేసరికి నది ఎర్రగా, నిండుగా ఉంది. కట్ట మీద ఒక ఐస్ వ్యాను, దాని కిందుగా ఒక చెరువు, గట్టు మీద వలలు సిద్ధంగా పెట్టుకుని కూలీలు. ఇద్దరు మనుషులు గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అందులో ఒక గొంతు నాకు తెలిసినదే. ఆ గొంతుకి భారీ మనిషిని ఊహించుకున్నాను. బక్కగా, పొట్టిగా, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు మా బావ.

"బావా!" అన్నాను.

ఒక్క క్షణం తేరిపార చూసి, "ఓరి! బావగారేనా? ఇంత సన్నగా ఉన్నారేంటండీ? ఫోనులో వింటే ఏ పహిల్వానో అనుకున్నాను" అన్నాడు. వరద వస్తున్న గట్టు మీద ఇద్దరం నవ్వుకున్నాం. మా పరిచయం మొత్తంలో ఎదురెదురుగా నవ్వుకున్నది ఆ ఒక్కసారే.

అతనెదురుగా ఉన్నది కొనుగోలుదారు. వ్యాను ఆయనదే. ఆయన తొందరలో ఉన్నాడు. "కాసేపట్లో కట్ట మీద బండ్లు ఆపేస్తారంటండి. ఈ రేటుకి ఇస్తే ఇప్పుడే వల దింపుదాం. లేదంటే నేను పోతాను" అంటున్నాడు.

ట్రేకి ఆనించిన ఫోనులో మా ఛానెల్. పైన నీళ్ళు, అడుగున పట్టీ. అందులో నిన్నటి రేట్లు.

మా బావ ఫోను మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదేంటి మరి? దీనికీ నువ్వు చెప్పేదానికీ ఇంత తేడానా? నీళ్ళు చూసి బెదిరిపోయి అమ్ముకుంటానని వచ్చావా?"

"అది నిన్నటిదండి బాబూ. ఇవాళ పడిపోయింది."

"మీకు ఎప్పుడూ తెర మీదది నిన్నటిదే. ఎక్కువుంటే నిన్నటిది, తక్కువుంటే ఇవాళ్టిది."

కూలీలు నవ్వారు. నేను కల్పించుకున్నాను. "బావా, ఆయన చెప్పేది నిజం. అది నిన్నటిదే. ఇవాళ రేట్లు దారిలో నేనే కనుక్కున్నాను. ఆయన అడిగేది దగ్గర దగ్గర సరైన రేటే. ఇచ్చెయ్యి."

మా బావ నన్ను కొంచెం బాధగా చూశాడు. కొనేవాడి పక్షం మాట్లాడానని అనిపించి ఉంటుంది.

"బావగారూ, ఇన్నేళ్ళుగా అడిగితే ఏం చెప్పారండీ మీరు? 'తెర మీదకి వచ్చాక చూసుకో' అనేగా? ఇవాళ తెర మీద ఉన్నది కాదని, నోటితో చెప్పింది నమ్మమంటున్నారు."

"ఇవాళ తెర దగ్గర నేను లేను బావా. ఇక్కడున్నాను."

"మీరు లేకపోతే వేరేవాళ్ళుంటారు. అంత ఛానెల్ నడుస్తంటే రేటు చూసే మనిషి లేకుండా ఉంటారా? మీరివాళ వరదకి వచ్చారు. రేటు సంగతి వాళ్ళు చూసుకుంటారు."

ఆయన మాటలో తప్పేముంది? రేటు చూసే మనిషి లేకుండా రేటు చూపిస్తారని ఎవరనుకుంటారు?

ఇంతలో చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ అమ్మాయి గొంతు. "బాబాయ్, మీకే వస్తున్నాం. లైవ్. నీళ్ళు ఎంత వరకు వచ్చాయో చెప్పండి."

ఇదే సమయమనిపించింది. తెర తప్పు తెర మీదే చెప్తే మా బావ కాదనలేడు కదా. మైకు పట్టుకుని నది వైపు నిలబడి, నీళ్ళ సంగతి రెండు ముక్కలు చెప్పి, "ఒక ముఖ్యమైన మాట. రొయ్య రైతులు గమనించాలి. మన తెర అడుగున ఇప్పుడు నడుస్తున్న రేట్లు..." అన్నాను.

చెవిలో ఆ అమ్మాయి గొంతు వెనక ఎండీగారి గొంతు. "రేట్లేంటి ఇప్పుడు? నీళ్ళు చూపించమనండి. కట్ చెయ్యండి, కట్ చెయ్యండి." తర్వాత ఏమీ వినిపించలేదు. కెమెరా అబ్బాయి చెయ్యి ఊపాడు. అయిపోయింది.

ఫోనులో మా ప్రసారం కొంచెం ఆలస్యంగా వస్తుంది కదా. అందరం ట్రే చుట్టూ చేరి చూశాం. తెర మీద నేను కనిపించాను. "మన తెర అడుగున ఇప్పుడు నడుస్తున్న రేట్లు" అంటూ నోరు తెరిచాను. వెంటనే వేరే ఊళ్ళో పడవలు. అడుగున పట్టీ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది.

"చూశారా బావగారూ," అన్నాడు మా బావ నెమ్మదిగా. నన్ను నొప్పించకూడదని గొంతు తగ్గించాడు. "మీవాళ్ళే ఒప్పుకోలేదు."

బతిమాలాను. ఆఫీసుకి ఫోన్ చేశాను, లైన్లన్నీ వరదతోనే నిండిపోయి ఉన్నాయి. ఆ అమ్మాయి సెల్ ఎత్తలేదు. కొనుగోలుదారు కాసేపు నిలబడి చూసి, "మీ ఇష్టం అండి" అని వ్యాను ఎక్కాడు. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. ఆ రోజు చెప్పిన రేటు మాత్రం న్యాయమైనది. వ్యాను మలుపు తిరిగాక మా బావ, "సాయంత్రం ఇంకోడొస్తాడు లెండి" అన్నాడు. నాకో, తనకో.

ఇంకోడు రాలేదు. కట్ట మీద బండ్లు ఆపేశారు. మధ్యాహ్నం దాటాక నది చెరువు గట్టు మీదకి వచ్చింది. పెద్ద చప్పుడేమీ లేదు. గట్టు మీద ఒక చోట తడిసింది, తర్వాత అక్కడ నుంచి నీరు సన్నగా దారి చేసుకుంది, తర్వాత గట్టు కనపడలేదు. చెరువు ఎక్కడ ఆగిందో, నది ఎక్కడ మొదలైందో తెలియలేదు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చక్రాల పైభాగాలు మాత్రం కాసేపు కనిపించాయి. మా బావ కట్ట మీద గొంతుక్కూర్చుని తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పాడు. నేను మైకు కారులో పడేసి పక్కన కూర్చున్నాను. కెమెరా అబ్బాయి ఆ నీళ్ళని తీశాడు. ఆ దృశ్యం మా ఛానెల్లో ఆ రోజంతా వేశారు. అడుగున ముప్ఫై కౌంటు రేటు నడుస్తూనే ఉంది.

మర్నాడు ఆఫీసులో స్వీట్లు పంచారు. మమ్మల్ని అంతమంది ఎప్పుడూ చూడలేదట. ఎండీగారు నా భుజం తట్టి, "చెరువులోకి నీళ్ళొచ్చిన షాట్ ఎవరికీ లేదండీ, మనకే" అన్నారు.

కొన్నాళ్ళకి మా బావ గుడివాడ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాడు. డబ్బు సహాయం అడుగుతాడేమోనని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన అడిగింది వేరు.

"మా బావమరిది మాట్లాడ్డం మానేశాడు బావగారూ. వ్యానులో వచ్చినవాడు ఊళ్ళో చెప్పాడు కదా, నేను రేటు చాలదని పంపేశానని. 'ఆశకు పోయి ఇద్దర్నీ ముంచాడు' అంటన్నాడు. మా ఆవిడ కూడా పైకి అనట్లేదు గానీ... రొయ్యలు పోయినాయంటే నదిది. ఆశ అంటే నాది అవుతుంది కదండీ."

"నేనొచ్చి చెప్తాను బావా."

"మీరు చెప్తే ఏం లాభం? నన్ను బావా అంటారు కాబట్టి నాకోసం చెప్తన్నారనుకుంటాడు. అదే పట్టీలో ఒక్క ముక్క వెయ్యండి. ఆ రోజు రేటు ముందురోజుదని. చాలు. ఇంకేం అక్కర్లేదు."

ఎండీగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీ వేయించి కాఫీ ఇప్పించారు, మర్యాదకి లోటు లేదు. అంతా విని, "చాలా బాధాకరం అండి. కానీ అలా వేస్తే రేపు కరకట్ట పొడుగునా ఉన్న ప్రతి చెరువువాడూ మన గుమ్మంలో ఉంటాడు. అసలు మన రేటే ఎవరూ నమ్మరు" అన్నారు.

"తప్పు ఒప్పుకుంటేనే కదండీ నమ్ముతారు" అన్నాను.

"మీరు లెక్కల మనిషి. ఇది లెక్క కాదండి."

మా బావ కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచాడు. ఆయనతో బస్టాండు దాకా నడిచి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ప్రొడ్యూసర్ అమ్మాయి ఎదురొచ్చింది. ఆ రోజు కట్ నొక్కిన చెయ్యి తనదే. చెప్పింది ఎవరైనా. "బాబాయ్, సాయంత్రం షిఫ్టు నాదే. పట్టీలో ఒకే ఒక్కసారి వేసేస్తాను. చూసినవాళ్ళు చూస్తారు" అంది.

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోతే అత్తరు అమ్ముకుంటాను."

వద్దన్నాను. వాళ్ళింట్లో సంపాదించే పిల్ల తనే అప్పటికి. ఇప్పుడూ అదే పరిస్థితి వస్తే వద్దనే అంటానేమో. అయినా ఆ సాయంత్రం పట్టీ నడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ధాన్యం, బంగారం, రాగి వచ్చాయి, వెళ్ళాయి. ఆ ఒక్క ముక్కకి కావలసినంత చోటు దాంట్లో ఎప్పుడూ ఉంది.

ఆ తర్వాత ఛానెల్ నెమ్మదిగా అన్ని ఛానెళ్ళలాగే అయింది. రేట్ల బల్ల తీసేశారు, నేనూ బయటికొచ్చేశాను. మార్కెట్‌కి ఎంత చోటు, మామూలు వార్తకి ఎంత చోటు అన్నది మీరు మీ ఇష్టం వచ్చినట్టు పంచుకోండి. వరద వచ్చిన రోజు వరదే చూపించండి, తప్పులేదు. చూపించే ప్రతి అంకె వెనక ఒక మనిషిని మాత్రం ఉంచండి. ఉంచలేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి. ఖాళీ చూసి ఎవరూ వ్యానుని వెనక్కి పంపరు.

మా బావ ఫోన్ చెయ్యడం మానేశాడు. రెండుసార్లు నేను చేశాను. బాగానే ఉన్నానన్నాడు, వేరేవాళ్ళ చెరువుకి కాపలా ఉంటున్నానన్నాడు. రేటు అడగలేదు. బావమరిది సంగతి నేను అడగలేకపోయాను.

ఆ బావమరిది గారు పేపర్లూ పుస్తకాలూ చదువుతారని ఒకసారి మా బావే చెప్పిన గుర్తు. ఇది ఆయన కంటపడుతుందో లేదో తెలియదు. పట్టీలో వెయ్యలేకపోయిన ముక్కని ఇక్కడ వేస్తున్నాను. వరద వచ్చిన రోజు మా తెర అడుగున నడిచిన రొయ్య రేట్లు ముందురోజువి. వ్యానాయన చెప్పిన రేటే నిజం. అది తెలిసే వీలు మీ బావగారికి మేం ఇవ్వలేదు. ఆయన ఆశకు పోలేదండీ, మమ్మల్ని నమ్మారు.